వాడితే పాడు

ఆ బడిలో అన్ని గదులకూ కిటికీ రెక్కలు ఊడి వేలాడుతుండేవి, ఒక్క గదికి తప్ప. ఆ గదికి కిటికీ రెక్కలున్నాయి, రెక్కల మీద రేకులున్నాయి, తలుపుకు తాళం ఉంది, ఆ తాళం పక్కన ఇంకో తాళం ఉంది. తలుపు పైన నీలం బోర్డు మీద తెల్లటి అక్షరాలతో 'విజ్ఞాన సాంకేతిక ప్రయోగశాల' అని, దాని కింద కాస్త చిన్నగా 'ప్రభుత్వ గ్రాంటుతో ఏర్పాటైనది' అని రాసి ఉంది. అంత పొడుగు పేరు పిల్లలెవరూ పలికేవాళ్ళు కాదు. చూపుల గది అనేవాళ్ళు. పైనుంచి ఎవరైనా చూడటానికి వచ్చినప్పుడే తెరుస్తారు కాబట్టి ఆ పేరు.

గదిలో లేనిది లేదు. అద్దాల బీరువాల్లో మైక్రోస్కోపులు, తూకపు యంత్రాలు, అయస్కాంతాలు, గాజు గొట్టాలు, బ్యాటరీతో నడిచే బుల్లి బండ్లు, ఆ బండ్లను మనం చెప్పినట్టు తిప్పే పలకలు. పాఠంలో ఏ వస్తువు పేరొచ్చినా సైన్సు టీచరు, "అది మన దగ్గర ఉంది పిల్లలూ" అనేది. నిజమే, ఉంది. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అని ఊరికే అన్నారా. పిల్లలు బోర్డు మీద సుద్దతో గీసిన మైక్రోస్కోపును పుస్తకంలోకి ఎక్కించుకుని, దాని భాగాల పేర్లు వల్లె వేసి, పరీక్షలో దింపేసి, పై తరగతికి వెళ్ళిపోయేవాళ్ళు.

ఆ రెండు తాళాల చెవులూ హెడ్మాస్టారి మొలలో ఉండేవి. ఆయన నడిచొస్తుంటే ముందు తాళంచెవుల గలగల వచ్చేది, తర్వాత ఆయన వచ్చేవాడు. అందుకే పిల్లలకు ఆయన తాళం సారు. తాళం సారు చెడ్డవాడు కాదు. గ్రాంటు సొమ్ములో ఒక్క పైసా ముట్టుకోలేదు. వచ్చిన చిక్కంతా అక్కడే ఉంది. దొంగైతే ఏదో ఒక రోజు ఎవరో ఒకరు పట్టుకునేవాళ్ళు. దాచిపెట్టేవాణ్ణి ఎవరు పట్టుకుంటారు? పైగా జాగ్రత్తపరుడని మెచ్చుకుంటారు. ఆయన నోట ఎప్పుడూ ఒకే మాట. "వాడితే పాడు." పిల్లలు బంతి అడిగినా అదే, పటం అడిగినా అదే. సుద్దముక్క విరిచి సగమే ఇస్తూ కూడా అదే.

ఆ బడిలో తొమ్మిదో తరగతి చదివే ఒక పిల్లను అందరూ గుసగుస అనేవాళ్ళు. మాట్లాడితే పక్కనున్న వాళ్ళకు కూడా సగమే వినిపించేది. హాజరు పిలిచినప్పుడు ఆ పిల్ల పలికిన మాట టీచరుకు వినపడక, వచ్చిన రోజు కూడా రానట్టు వేసిన సందర్భాలున్నాయి. నోట్లో నాలుక లేని పిల్ల అని వాళ్ళమ్మ నలుగురిలో చెప్పుకునేది, సగం దిగులుగా, సగం గొప్పగా.

గుసగుసకు ఒక అక్క ఉంది. అక్క కూడా ఆ బళ్ళోనే చదివింది. బోర్డు మీది బొమ్మ చూడకుండా మైక్రోస్కోపు గీయగలిగింది ఆ బడి మొత్తం మీద అక్క ఒక్కతే. పట్నంలో ఒక సైన్సు బడి ఉంది. చదువు, తిండి, ఉండటం అన్నీ ఉచితం. పల్లె బళ్ళనుంచి ఏడాదికి కొందరిని తీసుకుంటారు. ముందు రాత పరీక్ష, అందులో నెగ్గితే చేతి పరీక్ష. అక్క రాతలో అందరికంటే ముందు నిలిచింది. చేతి పరీక్షలో ఉల్లిపొర, గాజు పలక, మైక్రోస్కోపు ముందు పెట్టి, చూసి గీయమన్నారు. అక్క కన్ను గొట్టం మీద ఆనించింది. ఏమీ కనిపించలేదు. పక్కనున్న పెద్ద మరను తిప్పింది. గొట్టం కిందికి దిగింది. ఇంకా కనిపించలేదు. ఇంకా తిప్పింది. టప్ మని గాజు పలక పగిలింది.

పరీక్ష పెట్టే ఆయన దగ్గరికొచ్చి, "మీ బళ్ళో మైక్రోస్కోపు లేదా అమ్మా?" అన్నాడు.

"ఉంది సార్."

"మరి?"

"బీరువాలో ఉంది సార్."

గది గదంతా నవ్వింది. అక్క ఇంటికొచ్చి ఏడవలేదు. ఆ మాటనే జోకులా చెప్పి తనే ముందు నవ్వింది. పై చదువుకు ఇంట్లో వీల్లేదు కాబట్టి బట్టల కొట్లో పనికి కుదిరింది. వచ్చినవాళ్ళు విప్పి పడేసిన బట్టలన్నీ మళ్ళీ మడతపెట్టడం అక్క పని. సాయంత్రానికి మళ్ళీ అవే బట్టలు, మళ్ళీ అవే మడతలు.

ఇప్పుడు గుసగుస రాత పరీక్షలో నెగ్గింది. చేతి పరీక్షకు రమ్మని పిలుపొచ్చింది.

ఇంట్లో అమ్మ సంబరపడింది కానీ అక్క సంబరపడలేదు. తలకు నూనె రాస్తూ రాస్తూ చెల్లి జడ పట్టుకుని ఆపింది.

"ఒసేయ్, రేపు వెళ్ళి తాళం సార్ని అడుగు."

"ఏమని?"

"ఒక్కసారి ముట్టుకోనివ్వమని. ఎలా తిప్పాలో, ఎటు తిప్పాలో చేతికి తెలియాలే. బొమ్మ గీస్తే చేతికి తెలీదు."

"నువ్వు అడిగావా అప్పుడు?"

"అడగొచ్చని నాకు తెలీదు," అంది అక్క. "అది దేవుడి సొమ్మేమో అనుకున్నా."

మర్నాడు గుసగుస వెళ్ళేసరికి తాళం సారు వరండాలో కుర్చీ వేసుకుని తాళాలకు నూనె చుక్కలు వేస్తున్నాడు. ఆ పిల్ల వచ్చి నిలబడి, అడగాల్సింది అడిగేసి, జవాబు కోసం చూస్తోంది. ఆయనకు ఎవరో వచ్చారన్న సంగతే తెలియలేదు. కాసేపటికి నీడ చూసి తలెత్తాడు.

"ఏమ్మా?"

"మైక్రోస్కోపు సార్."

"గొంతులో కప్ప కూర్చుందా? గట్టిగా చెప్పు."

"మైక్రోస్కోపు ఒక్కసారి ముట్టుకుంటాను సార్. చేతి పరీక్ష ఉంది."

ఆయన కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. తాళం పక్కన పెట్టి, పాఠం చెప్పేవాడిలా వేలెత్తాడు.

"చూడమ్మా, గ్రాంటు ఇచ్చినవాళ్ళు కాగితంలో ఏం రాశారు? 'పరికరములు సర్వదా ప్రయోగమునకు సిద్ధముగా ఉండవలెను' అన్నారు. సర్వదా అంటే?"

"ఎప్పుడూ సార్."

"ఆ. ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి. వాడేసిన వస్తువు సిద్ధంగా ఉన్నట్టా? వండి మూతపెట్టిన అన్నం ఉందనుకో, అది సిద్ధంగా ఉన్నట్టు. తినేశాక ఇంకేం సిద్ధం?"

తినడానికే కదా సార్ వండేది, అనుకుంది గుసగుస. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చి అక్కడే కూర్చుంది.

"పైగా పగిలితే? మీ టీచరు జీతంలో కోస్తారు. పాపం ఆమెకు పిల్లలున్నారు. మీ అక్క సంగతి తెలుసు కదా, అక్కడ గాజు పగలగొట్టి వచ్చింది. మన గాజు కాదు కాబట్టి బతికాం." మళ్ళీ తాళం అందుకున్నాడు. "తనిఖీ ఉంది. అది అవ్వనీ. అయ్యాక చూద్దాం."

మన గాజు కాదు కాబట్టి బతికాం. ఆ మాట పట్టుకుని గుసగుస తరగతిలోకి వెళ్ళి కూర్చుంది. మెతక పిల్లలకు కోపం రాదనుకుంటారు. వస్తుంది. బయటికి దారి లేక లోపలే తిరుగుతుంది. అక్క పోగొట్టుకున్నది ఈయనకు లెక్కలో లేదు. పగిలిన గాజు ముక్క ఒకటే లెక్క. ఆ గాజు ముక్కకున్న విలువ అక్కకు లేదు. ఇలా అనుకునే కొద్దీ ఆ పిల్ల చెవులు వేడెక్కాయి. టీచరు చూసి, "జ్వరమా?" అని అడిగింది.

తనిఖీ అవ్వనీ అన్నారు కానీ ఆ తనిఖీ అవ్వదే. ఒక వారం పెద్దాఫీసరుకు మీటింగు. ఇంకో వారం కారు పాడైంది. ఆపై వారం ఎందుకు రాలేదో చెప్పనే లేదు. రేపంటే రేపని బడి ఊడ్చి ముగ్గుపిండి చల్లడం, ఆయన రాకపోవడం, గాలికి అది కొట్టుకుపోవడం. ఇటు చేతి పరీక్ష దగ్గరపడింది. చివరికి పరీక్ష ఆదివారమనగా శుక్రవారం నాడు తప్పకుండా వస్తున్నామని ఫోనొచ్చింది.

తాళం సారు సైన్సు టీచర్ని పిలిచి, మైక్రోస్కోపు ముందు ఒక పిల్లను నిలబెట్టాలన్నాడు.

"ఎవరిని సార్?"

"ఆ గుసగుసను పెట్టండి. అడిగిన దానికి మించి చెప్పదు. అడిగింది చెప్పినా వినపడదు. మంచిది."

రిహార్సలు తరగతిలోనే జరిగింది. మైక్రోస్కోపు బయటికి తీస్తే పాడు కాబట్టి, బల్ల మీద నీళ్ళ మగ్గు బోర్లించి, అదే మైక్రోస్కోపు అనుకోమన్నారు. గుసగుస ఒక కన్ను మూసి, ఇంకో కంటితో మగ్గు అడుగు వైపు చూస్తూ, "ఉల్లిపొరలోని కణములు గోడలోని ఇటుకల వలె అమరి యున్నవి" అనాలి. అంతే ఆమె పని.

"ఏమే, ఏం కనిపిస్తోంది మగ్గులో?" అంది పక్క బెంచీ పిల్ల.

"నీ మొహం," అంది గుసగుస, ఆ పిల్లకు మాత్రమే వినపడేలా.

"మరి ఇటుకల్లాగా ఉందా?"

"పెంకులాగా ఉంది."

ఆ పిల్ల నవ్వాపుకోలేక బల్ల కింద దూరింది. టీచరు గద్దించింది. కానీ టీచరు పెదవులు కూడా ఒక పక్కకు పోయాయి. ఆ టీచరు కొత్తగా ఈ బడికి వచ్చినప్పుడు గది తెరవమని అడిగిన మనిషే. పగిలితే జీతంలో కోత అన్న మాట విని మళ్ళీ అడగలేదు.

శుక్రవారం చూపుల గది తలుపు తెరిచారు. తడిసిన బట్టల మూట విప్పినట్టు గుప్పున వాసన కొట్టింది. వానాకాలమంతా గోడలు చెమ్మ పీల్చి, రేకులేసిన కిటికీల వెనక అలాగే ఉండిపోయాయి. టీచరు గబగబా అగరొత్తులు వెలిగించింది. కిటికీ తెరవబోతే గడియ రాలేదు. రాయి పెట్టి కొడితే వచ్చింది. ఎన్నాళ్ళ తర్వాతో ఎండ లోపలికొచ్చి, ఇదేం గది అన్నట్టు నేల మీద నిలబడింది.

పెద్దాఫీసరు నింపాదైన మనిషి. చెమట తుడుచుకుంటూ ప్రతిదానికీ "బాగుంది" అంటూ వచ్చాడు. ఆయన వెనక గుమాస్తా ఫోను ఎత్తిపట్టుకుని ఫొటోలు తీస్తున్నాడు.

"ఒక్క గాజు ముక్క పగల్లేదు సార్," అన్నాడు తాళం సారు. ఆ మాట చెప్పడానికే ఇన్నాళ్ళు బతికున్నట్టుంది ఆయన మొహం. "ఇచ్చిన రోజు ఎలా ఉన్నాయో ఇవాళా అలాగే ఉన్నాయి. మీరే చూడండి."

"బాగుంది, బాగుంది."

టీచరు ఒక మైక్రోస్కోపు ప్లాస్టిక్ కవరు విప్పి బల్ల మీద పెట్టింది. ఉల్లిపొర ఒలిచి గాజు పలక మీద పరిచింది. కింది అద్దాన్ని ఎండకు తిప్పింది. "చూడమ్మా" అని గుసగుసను ముందుకు తోసింది.

గుసగుస కన్ను ఆనించింది. ఇంతకాలం బోర్డు మీద సుద్దగీతగా, మొన్న నీళ్ళ మగ్గుగా ఉన్న వస్తువు ఇవాళ చల్లగా కనుబొమకు తగిలింది. లోపల వెలుగు గుండ్రంగా ఉంది. ఆ వెలుగులో ఇటుకలు లేవు. సన్నటి దారాలున్నాయి. ఒక దారంలోంచి రెండు, ఆ రెంటిలోంచి నాలుగు, చెట్టు వేళ్ళలా అంతటా పాకి ఉన్నాయి.

"చెప్పమ్మా," అన్నాడు పెద్దాఫీసరు.

నేర్చుకున్న మాట నోట్లో తయారుగా ఉంది. నోరు తెరిస్తే చాలు, అదే వచ్చేస్తుంది. గుమాస్తా ఫోను ఎత్తాడు. కానీ కంటికి కనిపిస్తున్నది ఆ మాట కాదు. తన కన్నే తప్పా? ఇది వేరే రకం ఉల్లిపాయా? గుసగుస గాజు పలకను కాస్త జరిపింది. దారాలు జరగలేదు. ఉల్లిపొర జరిగితే అందులోవి జరగాలి కదా. ఇంకాస్త జరిపింది. అవి కదల్లేదు. పలకను పూర్తిగా తీసి చేత్తో పట్టుకుంది. దారాలు అక్కడే ఉన్నాయి. అప్పుడు కన్ను పెట్టే గొట్టాన్ని మెల్లగా తిప్పింది. దారాలన్నీ దాంతోపాటు గుండ్రంగా తిరిగాయి.

ఆ క్షణంలో ఆ పిల్లకు తనిఖీ లేదు, ఆఫీసరు లేడు. దొరికింది, అనుకుంది. వెంటనే ఆ దొరికినదేమిటో అర్థమై ఒళ్ళు మండింది.

"ఇటుకలు," అన్నాడు తాళం సారు పళ్ళ సందుల్లోంచి. "ఇటుకలు, ఇటుకలు."

"ఇటుకలు లేవు సార్."

"ఏమంటోంది?" అన్నాడు పెద్దాఫీసరు.

"ఇటుకలు అంటోంది సార్."

"లేవు అంటున్నాను."

ఈసారి అందరికీ వినపడింది. వరండాలో నిలబడ్డ పిల్లలకు కూడా వినపడింది. ఆ గొంతు ఎవరిదా అని పక్క బెంచీ పిల్ల తలుపు సందులోంచి తొంగిచూసింది.

పెద్దాఫీసరు తనే వంగి కన్ను పెట్టాడు. "అవును, ఇటుకలు కాదే. ఏవో వేళ్ళలా ఉన్నాయి."

తాళం సారుకు ప్రాణం లేచొచ్చింది. "వేళ్ళే సార్. ఉల్లిపాయకు కింద వేళ్ళుంటాయి కదా, అవే."

"ఉల్లిపొర నా చేతిలో ఉంది సార్," అంది గుసగుస, గాజు పలక ఎత్తి చూపిస్తూ.

వరండాలో ఎవరో కిసుక్కుమన్నారు. పెద్దాఫీసరు ఆ పలక వైపు చూశాడు, మైక్రోస్కోపు వైపు చూశాడు, తాళం సారు వైపు చూశాడు.

"మరి లోపలున్నదేమిటి?"

సైన్సు టీచరు నేల చూపులు చూస్తూ అంది. "బూజు సార్. లెన్సుకు బూజు పట్టింది. చెమ్మలో మూసి పెడితే పడుతుంది."

"మూసి పెట్టాం కాబట్టే సార్ ఇన్నాళ్ళు ఒక్కటి కూడా..." అని తాళం సారు మొదలుపెట్టి, ఆ వాక్యం ఎక్కడికి పోతోందో తెలిసి ఆగిపోయాడు.

"వాడితే పాడు అన్నారు సార్," అంది గుసగుస. గొంతు ఈసారీ తగ్గలేదు. "ఇవి వాడకే పాడయ్యాయి."

మిగతా బీరువాలు తీసి చూశారు. రెండో మైక్రోస్కోపులోనూ వేళ్ళే. మూడోదాంట్లోనూ అంతే. బుల్లి బండ్లలో బ్యాటరీలు కారి పచ్చటి పొక్కులు కట్టాయి. తూకపు యంత్రం ముల్లు తుప్పుపట్టి, ఏం పెట్టినా ఒకే బరువు చూపించింది. గాజు సీసాల మూతలు ఊడి రాలేదు. ఒక్క అయస్కాంతాలు మాత్రం ఎవరి అనుమతీ అడక్కుండా ఒకదాన్నొకటి పట్టుకుని తమ పని తాము చేసుకుంటున్నాయి.

ఇప్పుడు ఏదో జరుగుతుందని గుసగుస అనుకుంది. ఆఫీసరు అరుస్తాడనుకుంది, ఎందుకిలా చేశారని నిలదీస్తాడనుకుంది. ఆయన గడియారం చూసుకున్నాడు.

"పోనీలెండి మాస్టారూ. పాడైనవన్నీ రాసి పంపండి. వచ్చే గ్రాంటులో పెట్టేద్దాం. మొత్తం కొత్తవే వస్తాయి."

తాళం సారు మొహం మళ్ళీ వెలిగింది. "తప్పకుండా సార్. ఈసారి ఇంకా జాగ్రత్తగా చూసుకుంటాం. గాలి కూడా చొరబడకుండా."

"బాగుంది," అన్నాడు పెద్దాఫీసరు.

గుసగుసకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కొత్తవి వస్తాయి. కొత్త కవర్లలో, కొత్త బీరువాల్లో, బహుశా మూడో తాళం కూడా వస్తుంది. మళ్ళీ ఎవరో పిల్ల నీళ్ళ మగ్గులోకి చూస్తూ ఇటుకలంటుంది. మళ్ళీ ఎవరి అక్కో పట్నంలో నలుగురి ముందు నవ్వులపాలై వచ్చి బట్టలు మడతపెడుతుంది. తప్పు చేసినవాళ్ళు లేరు, శిక్ష మాత్రం పిల్లలకు ముందే పడిపోయింది.

"ఒక ఫొటో సార్," అన్నాడు గుమాస్తా. "పాపా, అలా కన్ను పెట్టి చూస్తున్నట్టు ఉండు."

పాప కదల్లేదు.

"సార్, ఇవి పాడైపోయాయి కదా," అంది తాళం సారుతో.

"పోయాయి కదమ్మా, ఇందాకే నువ్వే కదా చెప్పావు." ఆ మాటలో కాస్త మంట ఉంది.

"ఇంక పాడవ్వడానికి ఏం లేదు కదా సార్."

"ఏముంటుంది?"

"అయితే ఇవి మాకిచ్చేయండి సార్. వాడుకుంటాం."

ఆయన నోరు తెరిచాడు. "వాడితే..." అన్నాడు, తర్వాతి మాట దొరకలేదు. ఇన్నేళ్ళుగా రాని అడ్డు ఇవాళ ఆయన మాటకే వచ్చి పడింది. దిక్కుతోచక పెద్దాఫీసరు వైపు చూశాడు. ఆయన అప్పటికే గడప దాటి చెప్పులు వేసుకుంటున్నాడు.

"ఇచ్చేయండి మాస్టారూ, ఎలాగూ మూలన పడేసేవే కదా," అన్నాడు వెనక్కి తిరక్కుండానే.

శనివారం పొద్దున్నే సైన్సు టీచరు ఒక మైక్రోస్కోపును తరగతి గదిలో బల్ల మీద, కిటికీ పక్కన పెట్టింది. ఆ కిటికీకి రెక్కల్లేవు కాబట్టి ఎండ కావలసినంత. కన్ను పెట్టే గొట్టం మర విప్పి, లెన్సులు తీసి, పాత నూలు చీర ముక్కకు స్పిరిటు అద్ది తుడిచింది. "పాడైనదానికి జీతం కోయరు కదే," అని తనలో తనే నవ్వుకుంది. కింది లెన్సు మసక పూర్తిగా పోలేదు. అయినా ఉల్లిపొర పెట్టి చూస్తే, మంచులో కనిపించే ఊరి గోడలా, ఇటుకలు వరసగా తేలాయి. పిల్లలు తోసుకుంటూ చూశారు. పక్క బెంచీ పిల్ల చూసి, "నా మొహమేనే" అంది.

మధ్యాహ్నం కొట్లో అన్నానికి వదిలినప్పుడు అక్క వచ్చింది. గుసగుసే కబురు పెట్టింది. చంకలో అన్నం డబ్బా అలాగే ఉంది.

అక్క కూర్చుని చాలాసేపు చూసింది. చెల్లి ఆమె మొహంలో సంతోషం కోసం వెతికింది. కనిపించింది వేరే.

"ఇంతేనా?" అంది అక్క.

"ఏంటక్కా?"

"ఇంతేనా ఇది? ఇంత తేలికా టీచర్?"

"తేలికేనమ్మా," అంది టీచరు.

"మరెందుకు చూపించలేదు?"

టీచరు చీర ముక్కను మడతపెట్టింది, విప్పింది, మళ్ళీ మడతపెట్టింది. వరండాలో తాళంచెవుల గలగల వినపడింది. తాళం సారు గుమ్మం దగ్గర ఆగాడు. మామూలుగా పాత విద్యార్థులు ఆయన్ను చూస్తే లేచి నిలబడతారు. అక్క లేవలేదు.

"జాగ్రత్తమ్మా, పగులుతుంది," అన్నాడు ఆయన, అలవాటు కొద్దీ.

"పగలనివ్వండి సార్," అంది అక్క. "ఇక్కడ పగిలితే అక్కడ పగలదు."

ఏమైనా అంటాడేమో అని పిల్లలంతా చూశారు. ఆయన చేత్తో తాళంచెవులు చప్పుడు కాకుండా పట్టుకుని వెళ్ళిపోయాడు.

అక్క లేచి చెల్లిని కూర్చోబెట్టింది. "ఆ పెద్ద మర తిప్పి గొట్టం దించు."

గుసగుస కన్ను ఆనించి తిప్పింది. తిప్పుతూనే ఉంది. టప్ మంది. చప్పుడుకు టీచరు ఉలిక్కిపడింది. గుసగుస చెయ్యి వెనక్కి లాక్కుంది.

"విన్నావా?" అంది అక్క. "అదే చప్పుడు. కన్ను పెట్టి దించకూడదే. పక్కనుంచి చూస్తూ గాజు దగ్గరి దాకా దించు. తర్వాత కన్ను పెట్టి, మెల్లగా పైకి లేపు. నాకు బస్సులో ఇంటికొచ్చేటప్పుడు తట్టింది ఇది. అప్పటికేం లాభం. ఇంకో పలక పెట్టు."

టీచరు పగిలిన ముక్కలు కాగితంలో ఊడ్చి, ఇంకో పలక ఇచ్చింది. ఎక్కడా ఏదీ ఆగిపోలేదు. గుసగుస పక్కనుంచి చూస్తూ దించింది, కన్ను పెట్టి లేపింది. మసకలోంచి ఇటుకలు వచ్చాయి. మళ్ళీ చెదరగొట్టి మళ్ళీ తెచ్చింది. చేతికి తెలిసే దాకా అలాగే చేసింది.

"రేపు అక్కడ ఎవరైనా, మీ బళ్ళో మైక్రోస్కోపు ఉందా అని అడిగితే?" అంది అక్క.

"ఉంది అంటా."

"ఎక్కడుంది అంటే?"

"బల్ల మీద."

అక్క నవ్వబోయి ఆగింది. గోడ గడియారం వైపు చూసింది గుసగుస. "అక్కా, నీకు టైమైపోయింది. మీ కొట్టు ఓనరు అరుస్తాడు."

"అరవనీ," అంది అక్క. చెల్లిని జరిపి బల్ల ముందు కూర్చుంది. "ఇంకొక్కసారి చూడనీ."